గచ్చు కింది ముడతలు

సౌందర్యం గురించి వాదించేటప్పుడు మన విమర్శకులు కావ్యాల దగ్గరే ఆగిపోతారు. వైద్యులు పెట్టే పేర్లను కూడా కవిసమయాలుగా చదవవలసిన రోజులివి. అలాంటి పేరు 'నెఫర్టిటీ లిఫ్ట్'. 2007లో ఫిలిప్ లెవీ అనే చర్మవైద్యుడు ఒక వైద్య పత్రికలో ఆ పేరుతో ఈ పద్ధతిని వివరించాడు. దవడ అంచు వెంట, మెడ మీద నిలువుగా తేలే పట్టీల్లోకి బొటులినం విషాన్ని అతి స్వల్ప మోతాదుల్లో సూదితో ఎక్కిస్తారు. మెడ ముందు పల్చగా పరుచుకుని ఉండే ప్లాటిస్మా అనే కండరం దవడను కిందికి లాగుతుంటుంది. నరం నుంచి వచ్చే ఆజ్ఞను విషం అడ్డుకోగానే ఆ లాగుడు సడలుతుంది, పైకి లాగే కండరాలది పైచేయి అవుతుంది, దవడ గీత తేటపడుతుంది. మూడు నాలుగు నెలలకు విషం ప్రభావం తగ్గిపోతుంది. మళ్లీ సూది, మళ్లీ డబ్బు.

పద్ధతి మంచిచెడ్డలు వైద్యులు తేలుస్తారు. మనం చూడవలసింది ఆ ఉపమానాన్ని. క్రీ.పూ. 14వ శతాబ్దపు ఈజిప్టు రాణి పేరు ఈ సూదికెందుకు వచ్చింది? ఆమె ప్రతిమలోని పొడవైన మెడ, చెక్కినట్టున్న దవడ అందుకు కారణం. (చెక్కినదే కదా!) ఆ ప్రతిమ 1912లో అమర్నాలో, తుత్‌మోస్ అనే శిల్పి పనిశాల శిథిలాల్లో, జర్మన్ తవ్వకందారులకు దొరికింది. ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉంది. లోపల సున్నపురాయి, పైన గచ్చుపూత, ఆపైన రంగులు. సి.టి. స్కాన్ తీసి పరిశీలించిన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. లోపలి రాతిలో మరో ముఖం ఉన్నదని తేలింది. నోటి చివరల, బుగ్గల మీద ముడతలున్నాయి. ముక్కు మీద చిన్న బొడిపె ఉంది. చెంపల ఎముకలు అంతగా పొడుచుకు రాలేదు. వాటిని శిల్పి గచ్చుతో సవరించాడు. రాతి ముఖమే రాణి అసలు ముఖమని మనం ప్రమాణం చేయలేం. కానీ ఆ చేతికి ముడత ఎక్కడ ఉంటుందో తెలుసు, దాన్ని ఎక్కడ కప్పాలో కూడా తెలుసు. ఆస్థాన శిల్పం పని అదే. కాబట్టి శాశ్వత సౌందర్యానికి నమూనాగా మన ముందు నిలబెట్టిన వస్తువు మొదటి నుంచీ ఒక సవరణ.

మన అలంకార సంప్రదాయం దీనికి సరిగ్గా ఎదురు సాక్ష్యం చెబుతుంది. తరగతిలో 'కంబుకంఠి' అనే సమాసానికి విగ్రహవాక్యం చెప్పించి వదిలేస్తాం. శంఖంతో పోలిక నునుపుకు మాత్రమే కాదు, శంఖం మీది రేఖలకు కూడా. మెడ మీద మూడు గీతలుండటం సౌభాగ్య చిహ్నమని నమ్మారు. సౌందర్యలహరి అయితే దేవి కంఠం మీది ఆ మూడు రేఖలను సంగీతంతోనే ముడిపెట్టింది. నేడు మెడ మీది అడ్డగీతలు కూడా సూదితో చెరపవలసిన లోపాల జాబితాలోకి వచ్చాయి. అంతమాత్రాన ప్రబంధకవి మనవాడైపోడు. అతడూ స్త్రీ శరీరాన్ని పోషకుడి కళ్లతోనే కొలిచాడు. అయితే గీత ఒక కాలంలో అందమై, మరొక కాలంలో లోపమైతే, తీర్పు చర్మంలో లేదు, తీర్పరి దగ్గర ఉంది.

ఈ విషం చరిత్రలో ఒక కవి కూడా ఉన్నాడు. 1820ల తొలి సంవత్సరాల్లో చెడిన సాసేజీలు తిని మనుషులు చనిపోతుంటే ఆ విషాన్ని శ్రద్ధగా పరిశీలించిన యుస్టినస్ కెర్నర్ జర్మన్ వైద్యుడు, కవి కూడా. ఆ విషమే మందుగా మారి, మెల్లకన్నుకు 1989లో, మెడ కండరాలు వాటంతటవే బిగుసుకుని తల పక్కకు తిరిగిపోయే బాధకు 2000లో అమెరికాలో అనుమతి పొందింది. కనుబొమల మధ్య గీతలకు 2002లో, మెడ పట్టీలకు 2024లో అనుమతి వచ్చింది. తల తిన్నగా నిలవని రోగికి వేసిన సూదికి ఏ రాణి పేరూ పెట్టలేదు. విషం పక్కకు పాకితే మింగడం, ఊపిరి తీయడం కష్టం కావచ్చునన్న హెచ్చరికను 2009 నుంచి అక్కడ గడికట్టి అచ్చు వేయవలసి వచ్చింది. రాణి పేరులో ఆ హెచ్చరిక వినిపించదు.

ఇంత చెప్పాక, సూది వేయించుకునే స్త్రీని ఎగతాళి చేయడం చాలా సులువు. మన వ్యంగ్య రచయితలకు పౌడరు, లిప్‌స్టిక్ మీద చెయ్యి తిరిగిన అలవాటే. నేనందుకు ఒప్పుకోను. కెమెరా ముందో, కౌంటరు వెనకో నిలబడే ఉద్యోగంలో వయసు కనిపించడమే నేరమైనచోట, ఆమె జీతంలో కొంత ఆ జీతాన్ని నిలుపుకోవడానికే ఖర్చవుతుంది. పక్క కుర్చీలో నెరిసిన జుట్టుతో కూర్చున్న పురుషుడికి అది అనుభవం కింద జమ అవుతుంది. మన కథకులు ఆ రెండు కుర్చీలను ఒకే కథలో ఇంకా సరిగా కూర్చోబెట్టలేదు.