పాఠశాలలో పోలీసు: స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకంపై విమర్శనాత్మక పరిశీలన

ఒక ప్రభుత్వ పథకాన్ని విమర్శించడానికి దానిలోని లోపాలను ఏకరువు పెడితే చాలదు. ఆ పథకం ఏ సమస్యకు సమాధానంగా వచ్చింది, దానికి కేటాయించిన డబ్బు దేనిపై ఖర్చవుతుంది, ఎవరి కోసం వచ్చిందో వారికి అది ఏ రూపంలో అందుతుంది అని అడగాలి. ఈ పాఠంలో ఆ ప్రశ్నలను స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకానికి వేసి చూద్దాం. ఉదాహరణలను ఎక్కువగా హైదరాబాదులోని సైబరాబాద్ ఐటీ ప్రాంతం నుంచి తీసుకుంటాం. భద్రతకు డబ్బు ఎవరు పెడుతున్నారు, ఎవరికోసం పెడుతున్నారు అనేది అక్కడ కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

పథకం స్వరూపం

ఈ పథకం 2010లో కేరళలో మొదలైంది. అక్కడ హోంశాఖ, విద్యాశాఖ కలిసి దీన్ని నడిపాయి. క్యాడెట్లుగా ఎంపికైన విద్యార్థులు ఖాకీ దుస్తులు ధరించి కవాతు చేస్తారు. 2018 జూలై 21న అప్పటి కేంద్ర హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్ హర్యానాలోని గురుగ్రామ్‌లో దీన్ని దేశవ్యాప్తంగా ప్రారంభించారు. రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు కలిపి రూ. 67 కోట్లు విడుదల చేశారు. ఒక్కో పాఠశాలకు బోధన సామగ్రి, శిక్షణ, చిల్లర ఖర్చుల కింద రూ. 50,000 ఇస్తామన్నారు. లక్ష్యం 8, 9 తరగతుల విద్యార్థులు. పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఎన్‌సీఈఆర్‌టీని సంప్రదించి ఒక కరదీపికను తయారుచేసింది. నేరాల నివారణ, రోడ్డు భద్రత, స్త్రీల, పిల్లల రక్షణ, అవినీతిపై పోరాటం వంటివి ఒక భాగం. సహనం, సానుభూతి, క్రమశిక్షణ, పెద్దలపట్ల గౌరవం వంటి విలువలు మరొక భాగం. దీనికి పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష కూడా లేదు. పరీక్ష లేకపోవడం ఈ పథకంలోని మంచి లక్షణాల్లో ఒకటని ఒప్పుకోవాలి.

ఇక్కడ ఒక తేడాను గమనించండి. అమెరికాలో ‘పాఠశాల పోలీసు’ అంటే తుపాకీతో రోజంతా బడిలోనే విధులు నిర్వహించే అధికారి. 1999లో కొలంబైన్ పాఠశాలలో కాల్పులు జరిగిన తరువాత అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇటువంటి నియామకాలకు కొన్నేళ్లలో 75 కోట్ల డాలర్ల దాకా గ్రాంట్లు ఇచ్చింది. ఇరవై ఏళ్లకు, 2019లో, అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ ఒక నివేదికలో మరో లెక్క చూపింది: పోలీసు ఉండి, కౌన్సిలర్ గాని, నర్సు గాని, మనస్తత్వ నిపుణుడు గాని, సామాజిక కార్యకర్త గాని లేని బడుల్లో 1.4 కోట్ల మంది పిల్లలు చదువుతున్నారు. 2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ మరణం తరువాత, మినియాపొలిస్ పాఠశాలల బోర్డు నగర పోలీసులతో ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. మన పథకంలో పోలీసు వచ్చి వెళ్లే అతిథి మాత్రమే. కాబట్టి అమెరికా విమర్శను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి అతికించడం సరికాదు. అయితే ఆ నివేదిక అడిగిన ప్రశ్న మనకూ పనికివస్తుంది: ఈ డబ్బుతో బడికి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు?

డబ్బు లెక్క

రూ. 50,000ను పన్నెండు నెలలకు పంచితే నెలకు రూ. 4,200 కూడా రాదు. ఈ మొత్తంతో చార్టులు కొనవచ్చు, ఒక క్షేత్ర పర్యటన ఏర్పాటు చేయవచ్చు, టీ, బిస్కెట్ల ఖర్చు గడుస్తుంది. పిల్లలు తమ కష్టం చెప్పుకోగల పూర్తికాలపు మనిషిని మాత్రం నియమించలేము. ఆ మేరకు ఇది మనుషులపై పెట్టిన ఖర్చు కాదు, కార్యక్రమాలపై పెట్టిన ఖర్చు. కార్యక్రమం ఫోటోలో కనిపిస్తుంది, నివేదికలో లెక్కకు వస్తుంది. పిల్ల భయం తగ్గిందా లేదా అన్నది ఏ నివేదికలోనూ నింపవలసిన గడి కాదు.

ఇప్పుడు సైబరాబాద్ వైపు చూడండి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003 నాటికి ఈ ప్రాంతానికి ప్రత్యేక పోలీసు కమిషనరేట్ ఏర్పడింది. సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ పేరుతో పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి పనిచేస్తున్నాయి. మహిళా ఉద్యోగుల కోసం షీ షటిల్ బస్సులు ఈ భాగస్వామ్యం నుంచే వచ్చాయి. అవసరమైన పనే. అయితే అదే మాదాపూర్, కొండాపూర్, నానక్‌రామ్‌గూడల్లో ఆ భవనాలను కట్టే కూలీల పిల్లలు, వాటిని ఊడ్చే వారి పిల్లలు, అపార్టుమెంట్ల వాచ్‌మన్ల పిల్లలు ప్రభుత్వ బడులకు వెళతారు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలవి. కంపెనీ ఉద్యోగికి పోలీసు భాగస్వామి. ఈ పిల్లలకు పోలీసు ఎవరు?

2024 జనవరిలో ఐటీసీ కోహినూర్ హోటల్ దగ్గర రోడ్డు పక్కన భోజనం అమ్ముకునే ఒక మహిళ బండిని ట్రాఫిక్ పోలీసులు మూయించడం, ముఖ్యమంత్రి జోక్యంతో అది తిరిగి తెరుచుకోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆమె వెనుక యూట్యూబ్ కెమెరాలున్నాయి. పక్క వీధిలో ఇడ్లీ బండి పెట్టుకున్నవారికి అవి ఉండవు. ఆ బండి నడిపేవారి అమ్మాయి ఎనిమిదో తరగతిలో కూర్చుని ‘పోలీసు మీ మిత్రుడు’ అనే పాఠం వింటున్నదనుకోండి. పొద్దున అమ్మ బండి తీయమన్న అధికారి, మధ్యాహ్నం పాఠం చెప్పే అధికారి ఒకే దుస్తుల్లో ఉంటారు. కరదీపికలో సానుభూతి పిల్లలు నేర్చుకోవలసిన విలువగా ఉంది. పాఠం వినే పిల్లకు పోలీసుతో ఇంతకుముందే ఒక అనుభవం ఉండవచ్చునన్న ఎరుక ఆ చట్రంలో ఇమడదు.

చట్టం ఒక దారి, పథకం ఒక దారి

ఈ పథకంపై అసలైన అభ్యంతరం ఇక్కడుంది. పిల్లలతో పోలీసులు ఎలా మెలగాలో మన చట్టాలు ముందే చెప్పాయి. లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం, 2012, అంటే పోక్సో, సెక్షన్ 24 ప్రకారం బిడ్డ వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. బాలల న్యాయ నమూనా నియమాలు, 2016 కూడా పిల్లలతో మాట్లాడే పోలీసులు వీలైనంతవరకు మామూలు దుస్తుల్లో ఉండాలంటాయి. ఖాకీ చూస్తే పిల్లలు బెదురుతారని, బెదిరిన పిల్లలు నిజం చెప్పలేరని శాసనకర్తలు గ్రహించారు. ‘అన్నం తినకపోతే పోలీసోడికి పట్టిస్తా’ అని బెదిరించే ఇళ్లలో పెరిగిన మనకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. చట్టం అధికారి ఒంటిమీది ఖాకీని తీయమంటుంటే, కేరళ నమూనా ఆ ఖాకీని పిల్లలకే తొడిగింది. పథకాన్ని సమర్థించేవారు, యూనిఫాం వేసుకున్న పిల్లలకు దాని భయం పోతుందంటారు. ఎంపికైన కొద్దిమంది క్యాడెట్ల విషయంలో అది నిజం కావచ్చు. కానీ కష్టంలో ఉన్న పిల్ల క్యాడెట్ల వరుసలో ఉంటుందనే హామీ లేదు. సాధారణంగా ఆమె వెనక బెంచీలో ఉంటుంది.

2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగేళ్ల పాపపై లైంగిక దాడి బయటపడింది. నిందితుడు ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో న్యాయస్థానం అతనికి 20 ఏళ్ల జైలుశిక్ష విధించింది. గేటు దగ్గర పోలీసు ఉన్నా ఆ డ్రైవరును ఆపేవాడు కాదు, ఎందుకంటే అతడు రోజూ వచ్చిపోయే మనిషి. విషయం బయటికి వచ్చింది పాప ప్రవర్తనలోని మార్పును ఇంట్లోవారు గమనించడం వల్ల. బడిలోనే దాన్ని గమనించే మనిషిని తయారుచేయడం ఎలా అన్నది నిధుల ప్రశ్న. పోక్సో సెక్షన్ 19 ప్రకారం నేరం గురించి తెలిసిన ప్రతి ఒక్కరూ ఫిర్యాదు చేయాలి; తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి సెక్షన్ 21 కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. అంటే చట్టం మొదటి బాధ్యతను పోలీసు కన్నా ముందు టీచరు మీద, ప్రధానోపాధ్యాయుడి మీద పెట్టింది. వారికిచ్చే శిక్షణకు ఎంత డబ్బు ఉందో అడగాలి.

పోలీసులకు ఇందులో పాత్ర లేదని కాదు. 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్, 2016లో హైదరాబాదులో ఏర్పడిన భరోసా కేంద్రం పోలీసులు పద్ధతి మార్చుకోగలరని చూపాయి. భరోసాలో కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయి. బాలల న్యాయ చట్టం, 2015 సెక్షన్ 107 ప్రకారం ప్రతి పోలీసు స్టేషనులో ఏఎస్సై స్థాయికి తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. పాఠశాలతో పోలీసుకు ఉండవలసిన సంబంధానికి చట్టంలో ఉన్న తలుపు ఇదే. అయితే చట్టం కొత్త ఉద్యోగాన్ని సృష్టించలేదు. ఉన్నవారిలో ఒకరిని నియమించమంది. బందోబస్తు, ట్రాఫిక్, కేసుల దర్యాప్తు మధ్య ఈ పనికి మిగిలే సమయం ఎంతో ఊహించుకోవచ్చు. ఈ అధికారికి సమయం, వాహనం, శిక్షణ ఇవ్వడానికి, నానక్‌రామ్‌గూడ వంటి చోట్ల ఒడియా, హిందీ తెలిసిన సహాయకులను ఏర్పాటు చేయడానికి ఆ డబ్బు పెట్టి ఉంటే, కవాతు ఫోటోలు రాకపోయినా బడి నుంచి స్టేషనుకు ఫోన్ చేసే టీచరుకు అవతల పేరు తెలిసిన మనిషి ఉండేవారు.

కృత్యం: మీ ప్రాంతపు పోలీసు స్టేషనులో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరో కనుక్కోండి. ఆ పేరు, ఫోన్ నంబరు, 1098 సహాయ నంబరు మీ దగ్గరి ప్రభుత్వ పాఠశాల గోడపై ఉన్నాయేమో, పిల్లలకు అర్థమయ్యే భాషలో ఉన్నాయేమో చూడండి. మీ పరిశీలనను ఒక పేజీలో రాసి అధ్యయన కేంద్రంలో జరిగే సంప్రదింపు తరగతికి తీసుకురండి.