ఎన్‌గాల్ పరీక్ష – ఒక విమర్శ

మూత్రపిండములు హఠాత్తుగా దెబ్బతిన్నచో రక్తములో క్రియాటినిన్ అను వ్యర్థపదార్థము పెరుగును. కాని అది బయటపడుటకు ఒకటి రెండు దినములు పట్టును; ఆ లోపల విలువైన సమయము జారిపోవును.

2005లో అమెరికాలోని సిన్సినాటి వైద్యులు లాన్సెట్ పత్రికలో వేగవంతమైన పరీక్షను ప్రకటించిరి. గుండె శస్త్రచికిత్స జరిగిన 71 మంది పిల్లలలో 20 మందికి మూత్రపిండములు దెబ్బతినగా, వారి మూత్రములో ఎన్‌గాల్ అను మాంసకృత్తు రెండు గంటలలోనే పెరిగెను.

పరిశోధన మెచ్చదగినదే. అయితే ఆ పిల్లలకు దెబ్బ తగిలిన వేళ వైద్యులకు తెలియును. ఇతర రోగులలో అట్లు కాదు; సూక్ష్మజీవులు తీవ్రముగా సోకినప్పుడు తెల్లకణముల నుండియు ఎన్‌గాల్ వెలువడును. పైగా క్రొత్త పరీక్షను సరిచూచినది పాత క్రియాటినిన్‌తోనే! లోపమున్న త్రాసుతో తూచి క్రొత్త తూనికరాయిని నమ్మవచ్చునా? ఎన్‌గాల్ మంచి సాక్షియే గాని, తీర్పరి కాదు.