అంకితమా, అనుకరణా?

అభిమానంతో కట్టిన పాటను ‘అచ్చం అలాగే ఉంది’ అని మెచ్చుకుంటే విమర్శ పని అయిపోదు. అచ్చం అలాగే ఉంటే అసలుదే వినొచ్చు. పెద్దవాళ్ల దగ్గర ఏం తీసుకున్నారు, ఏం వదిలారు, తమ పూచీ మీద ఏం కలిపారు అన్నది చూడాలి. కన్నడంలో భక్తిపదాలు కట్టిన రాయచూరు జిల్లా హరిదాసులనూ, జమైకా రెగ్గే మీద మనసుపడ్డ తెలుగు బృందం చౌరస్తానూ ఈ లెక్కన పక్కపక్కన పెట్టి చూద్దాం. కాలం వేరు, భక్తి వేరు. గురువును కళ్లారా చూడకుండానే ఆయన పాటకు వారసులవడం మాత్రం ఇద్దరిలోనూ ఉంది.

హరిదాసులు గురువుగా తలిచే పురందరదాసు కన్నుమూసింది 1564లో. మాన్వి ప్రాంతపు చీకలపర్విలో విజయదాసు పుట్టింది 1682లో. మధ్య వందేళ్లకు పైగా ఎడం. అయినా పురందరదాసే కలలో కనిపించి ‘విజయవిఠల’ అనే అంకితం, అంటే పాటలో వేసుకునే ముద్ర పేరు, ఇచ్చారని సంప్రదాయం చెబుతుంది. విజయదాసు నుంచి మొసరకల్లు గోపాలదాసుకు ‘గోపాలవిఠల’, గోపాలదాసు శిష్యుడు మాన్వి జగన్నాథదాసుకు ‘జగన్నాథవిఠల’. విఠలుడు అందరికీ ఉమ్మడి, ముందున్న పేరు ఎవరిది వారిదే. పాట చివర పడే ఆ ముద్రలో వినయమూ ఉంది, హక్కూ ఉంది. ఫలానా పరంపర వాడినంటూనే, ఈ పాటకు జవాబుదారీ నేనేనని చెప్పుకోవడం అది. విజయదాసు సుళాదులనే తాళమాలికల మీద పట్టు చూపారు. జగన్నాథదాసు హరికథామృతసారాన్ని భామినీ షట్పది అనే ఆరు పాదాల ఛందస్సులో నడిపారు. ఒకే గురుపరంపర ఇద్దరినీ ఒకే మూసలో పోయలేదు.

హైదరాబాద్ బృందం చౌరస్తా పాట ‘ఊరెళ్లిపోతా మామా’లో వారసత్వం ఇంకో దారిన వచ్చింది. రెగ్గే గిటారు తాళానికి ఎదురుగా, దెబ్బకూ దెబ్బకూ మధ్య తెగ్గొట్టినట్టు మోగుతుంది. ఆ నడక మీద రామ్ మిర్యాల గొంతు మన పల్లెపాట ధోరణిలో సాగుతుంది. పట్నంలో విసిగినవాడు ఊరికి పోతానంటాడు. రూట్స్ రెగ్గేకి ప్రాణమైన కోరిక కూడా తిరిగి వెళ్లడమే. ఓడల్లో బానిసలుగా తెచ్చిన వాళ్ల సంతతి ఆఫ్రికాను తలుచుకుని, దాన్ని జియాన్ అని పాడుకుంది. చౌరస్తా ఆ జియాన్‌ను అరువు తెచ్చుకోలేదు. దాని చోట పల్లెను పెట్టింది. అదే రాయచూరు జిల్లా దేవదుర్గ, లింగసుగూరు వైపు నుంచి కూలికి బెంగళూరు బస్సెక్కేవాడికి జమైకా ఎక్కడుందో తెలియకపోయినా ఈ పాట అర్థమవుతుంది. అంకితం లేకపోయినా ముద్ర పడింది ఇక్కడే.

అయితే పరంపర నడిచే తీరులో తేడా ఉంది. దాసుల పాటలకు తొలి బాణీలు చాలావరకు నిలవలేదు, సాహిత్యం నిలిచింది. అదే పదాన్ని ఒకరు ఒక రాగంలో, మరొకరు ఇంకో రాగంలో పాడతారు. జమైకాలో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ బాణీ నిలిచి మాట మారింది. 1967లో స్టూడియో వన్‌లో సౌండ్ డైమెన్షన్ బృందం వాయించిన ‘రియల్ రాక్’ మీద తర్వాత ఎందరో తమ తమ పాటలు పాడారు. విల్లీ విలియమ్స్ ‘ఆర్మగిడియన్ టైమ్’ వాటిలో ఒకటి. రికార్డయిన పాటను విప్పి మళ్లీ కలిపే డబ్ ఇంకో అడుగు ముందుకేసి మాటనే తీసేసింది. కింగ్ టబ్బీ అసలు వృత్తి ఎలక్ట్రానిక్స్ మరమ్మతు. జేకబ్ మిల్లర్ పాడిన పాటను ఆగస్టస్ పాబ్లో కోసం ఆయన విప్పేసినప్పుడు గొంతు ముక్కముక్కలుగా వచ్చి మాయమవుతుంది, డ్రమ్ము దెబ్బ ప్రతిధ్వనిస్తూ దూరమవుతుంది, పాబ్లో మెలోడికా ఆ ఖాళీలో తిరుగుతుంది. 1976లో ‘కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’ అన్న పేరుతో ఆల్బమే వచ్చింది.

ఈ రెండింటి మధ్య చౌరస్తా పాట తీసుకున్నది మాటా కాదు, బాణీ కాదు, నడక ఒక్కటే. నడకను అరువు తెచ్చుకోవడం తేలిక. సినిమా పాటలు రోజూ చేసే పనే అది. ఈ పాటను ఆ గుంపులోంచి తప్పించింది దాని పల్లె గోడు. లోటు మరోచోట ఉంది. బరువంతా మాట మీదే వేశారు. గాయకుడు తప్పుకుని, బేస్‌నూ డ్రమ్మునూ కథ చెప్పనిచ్చే తెగువ రెగ్గేలో సగం. ఆ సగం తెలుగులోకి ఇంకా రాలేదు. మన శ్రోత సాహిత్యం కోసమే పాట వింటాడని సర్దుకోవచ్చు గానీ, ఆ శ్రోతే పెళ్లి ఊరేగింపులో మాట లేని డప్పుకు గంటసేపు ఆడతాడు.

నా తీర్పు ఇది: పేరు పెట్టుకునే బాధ్యతలో దాసులది పైచేయి, కొత్త ఊరికి కొత్త గోడు కట్టడంలో చౌరస్తాది. రెగ్గేకి తెలుగు అభిమానులు ఇంకా బాకీ ఉన్నది డబ్ ఒక్కటే: తాము కట్టిన పాటను తామే విప్పి, ఇంకొకరు తమ ముద్ర వేసుకునేలా వదిలిపెట్టడం. విజయదాసు నుంచి జగన్నాథదాసు దాకా రాయచూరు నేల మీద పరంపర నడిచింది అలా వదిలిపెట్టినందుకే.