చింతపండు పక్కన పెట్టండి

పాత బొమ్మ ఆవిరి ఇంజను చేతికొస్తే మా అనంతపురంలో ఎవరైనా ముందు చేసే పని చింతపండు నానబెట్టడం. ఇత్తడి కనబడిందంటే తోమాల్సిందే, తోమితే తళతళలాడాల్సిందే. బిందెలకూ దీపపు కుందులకూ అది న్యాయమే. ఇంజను దగ్గరికి మాత్రం ఆ గిన్నె తేవద్దంటాను.

ఈ బొమ్మల మీద తయారీదారు పేరు మిగలడమే అదృష్టం. రేకు పీట, దాని మీద పడుకున్న బాయిలరు, పక్కన ఊగే సిలిండరు, ఒక చక్రం. చూడ్డానికి అన్నీ ఒక తల్లి పిల్లలే. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పేవి సగం చెరిగిన రంగూ, చిరిగిన స్టిక్కరూ, పొయ్యి మీది మరకలూ. న్యూరెంబర్గ్‌లోని బింగ్ కంపెనీ పాత సరుకు మీద జీబీఎన్ అని ఉంటుంది, తర్వాతి సరుకు మీద బీడబ్ల్యూ. ఆ కంపెనీ 1930ల మొదట్లోనే మూతబడింది కాబట్టి ఆ అక్షరాలు దొరికితే వయసు సగం తేలినట్టే. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే అది 1949కి ముందుది అయ్యే వీల్లేదు.

బర్మింగ్‌హామ్ మామోడ్ ఇంజన్లకైతే జాతకమంతా పొయ్యిలో ఉంటుంది. స్పిరిటు దీపంతో వచ్చినవి పాతవి. రేకు తట్టలో ఇంధన బిళ్లలు పెట్టే ఏర్పాటు 1970ల ద్వితీయార్ధంలో వచ్చింది. కానీ దీపం పోగొట్టుకుని తట్ట కొనుక్కున్నవాళ్లు ఉంటారు, తట్ట పారేసి దీపం అతికించి ఎక్కువ ధర చెప్పేవాళ్లూ ఉంటారు. అప్పుడు బాయిలరు అడుగు చూడాలి. స్పిరిటు దాదాపు మసి లేకుండా మండుతుంది. బిళ్లలు జిగురుగా గోధుమరంగు మరక వదులుతాయి. దాన్ని గోకేశామా, ఇక ఆ ఇంజను గురించి అమ్మినవాడు చెప్పిందే వేదం.

పులుపుతో ఇంకో చిక్కు. గంటల తరబడి నానితే ఇత్తడిలోని జింకు కరిగిపోయి, రాగి ఎర్రటి మచ్చలుగా తేలుతుంది. అక్కడ లోహం గుల్లబారుతుంది. బిందె అయితే కారి ఊరుకుంటుంది, లోపల ఆవిరి బిగిసిన బాయిలరు ఊరుకోదు. అందుకే పాత బాయిలరును వెలిగించే ముందు చన్నీళ్లతో నింపి చేతిపంపుతో ఒత్తిడి పెట్టి చూస్తారు. అప్పుడు అతుకు విడినా నీళ్లు చిమ్ముతాయి, అంతే. తగరం, సీసం కలిపి అతికినవైతే మరీ జాగ్రత్త. ఆ అతుకు 180 డిగ్రీలు దాటగానే మెత్తబడుతుంది. నీళ్లు అడుగంటాక మంట ఉంటే అంతే సంగతులు. కొన్నింటి ప్యాకింగులో రాతినార దారం కూడా ఉంటుంది. పక్కనున్న పులివెందుల వైపు ఒకప్పుడు ఆ రాతినార గనులే ఉండేవి. పొడిగా ఉన్నప్పుడు దాన్ని గీకకూడదు, ఊదకూడదు, తడిపి తీయాలి.

ఇంతకీ నిజంగా శుభ్రం చేయాల్సింది బాయిలరు కడుపు. మా బోరు నీళ్లు మరిగితే గిన్నెకు తెల్లటి గార కడుతుంది, బాయిలరుకూ అంతే. గార మందమైతే వేడి నీళ్లకు అందదు, లోహమే కాలుతుంది. ఒకప్పుడు గుంతకల్లు షెడ్డులో వైజీ, వైపీ మీటరుగేజి ఇంజన్లకు పెద్ద ఎత్తున ఉన్న బాధ ఇదే. వాటి బాయిలర్లను గడువు ప్రకారం చల్లార్చి, మూతలు విప్పి, నీటి ధారతో గార రాల్చేవారు. షెడ్డు భాషలో దాని పేరు వాషవుట్. చిత్తరంజన్‌లో 1972లో తయారైన చివరి ఆవిరి ఇంజను కూడా వైజీయే. ఆ షెడ్డులో ఫిట్టరుగా చేసిన పెద్దాయన ఒకరు నా బొమ్మను తిప్పి తిప్పి చూసి, “ఇంజను బాగుందిలే, ఏం నీళ్లు పోస్తాండావప్పా?” అని అడిగారు. నేను రంగు గురించీ కంపెనీ గురించీ చెబుతుంటే ఆయనకు పట్టనే లేదు.

లోపలి గారకు నేను నిమ్మ ఉప్పు పలచగా కలిపి పోస్తాను. బుడగలు ఆగగానే పారబోసి, రెండు మూడు మార్లు కడిగేస్తాను. పులుపుకు నేనిచ్చే చోటు అదొక్కటే. తర్వాత పోసే నీళ్ల గురించి ఈ పిచ్చి ఉన్నవాళ్లలో పెద్ద పేచీ. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలని కొందరు, అంత శుద్ధమైన నీళ్లు ఇత్తడినే కొరుకుతాయని కొందరు. వాన నీళ్లంటే మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిసే జిల్లాలో ఈ రాజీ నాకెంతవరకు పనికొస్తుందో మీరే చూడండి. మాకు ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో. మా ఇంట్లో ఇంజను కూత వినాలనుకునే వాళ్లు ఆ తర్వాత రండి.