శ్రీకాకుళ ఉద్యమ సాహిత్యం: అరువు నినాదం, సొంత గొంతు

శ్రీకాకుళ గిరిజనోద్యమాన్ని చైనా ప్రేరేపిత భద్రతా సమస్యగా మాత్రమే చూసే విమర్శ అసంపూర్ణం. సార్వత్రిక ఎన్నికలు జరిగిన 1967లోనే, అక్టోబరు 31న, లేవిడి వద్ద కోరన్న, మంగన్న కాల్పులకు బలయ్యారు. భూమి, వెట్టి, వడ్డీ తగవులు పెకింగు నుంచి దిగుమతి కాలేదు. అయితే ‘చైనా చైర్మనే మా చైర్మన్’ అన్న నినాదం, దాని వెంట నడిచిన ఎన్నికల బహిష్కరణ పంథా ఉద్యమాన్ని పరాయిదిగా ముద్ర వేయడానికి వీలిచ్చాయి. అభిమాన విమర్శకులు ఈ మాట దాటవేస్తారు. విచిత్రమేమంటే, 1970లో చైనా నాయకులే ఆ నినాదాన్ని తప్పుపట్టారు. దీనికి భిన్నంగా, బొడ్డపాడు పూజారి సుబ్బారావు పాణిగ్రాహి ఎంచుకున్నది జముకుల కథ. ఉత్తరాంధ్ర పల్లెలకు తరతరాలుగా పరిచితమైన ఆ కళారూపానికి తర్జుమా అవసరం లేకపోయింది. 1969 డిసెంబరులో ఆయన హతుడయ్యాక కూడా ఆ బాణీ ప్రజల్లో నిలిచింది.