నెట్ లేదు అనేముందు

జూలై, ఆగస్టు నెలల్లో భద్రాచలంలో ఎవరు ఎదురుపడినా పలకరింపు ఒకటే: "ఎన్ని అడుగులుంది?" గోదావరికి వరదొచ్చిందా అని ఇక్కడ ఎవరూ అడగరు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంకె చెవినపడితే చాలు, ఏ దారి మునుగుతుందో, ఎవరు సామాన్లు సర్దుకోవాలో టీ కొట్టు ఆయన కూడా చెప్పేస్తాడు. నీళ్లను ఇంత కచ్చితంగా కొలుచుకునే ఊళ్లో, ఫైలు వెళ్లకపోతే మాత్రం విలేకరులందరం ఒకే మాట అనేవాళ్లం: "నెట్ లేదు." ఆ మాటతో ఎంత నష్టపోతున్నామో 2022 వరదలో నాకు తెలిసొచ్చింది.

ఆ ఏడాది జూలై 16న గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత నీరు చూడలేదు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కరకట్ట మీద తీసిన ఫొటోలు, ఒక వీడియో డెస్క్‌కు పంపాలి. మా ఫైళ్లు వెళ్లేది ఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే పద్ధతిలోనే. ఫొటోలు ఒక్కొక్కటిగా ఎక్కాయి. 400 ఎంబీల వీడియో మాత్రం గంటకు పైగా నడిచి, నూరు శాతం చూపించి, అక్కడే బిగుసుకుపోయి, కాసేపటికి ఎర్ర అక్షరాల్లో 'కనెక్షన్ టైమ్‌డ్ అవుట్' అంది. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి సగంలో ఉండగానే ఇన్వర్టర్ ఆగిపోయింది. ఎడిషన్ సమయం దాటిపోయింది.

తెల్లారాక సర్వర్ చూసే కుర్రాడు లాగ్ చదివి చెప్పిన మాట ఇప్పటికీ మర్చిపోలేను. "అన్నా, మొదటిసారే మొత్తం వచ్చింది. రెండోసారి నువ్వు దాని మీదే ఎక్కించావు." చేరిన వీడియోను నా చేత్తో నేనే చెరిపేశానన్నమాట. నెట్ ఉంది. తెగింది మరొకటి.

అదేమిటో చెప్పాలంటే పాత రోజుల్లోకి వెళ్లాలి. కంప్యూటర్లు రాకముందు వార్తలు, ఫొటోలు కవర్లో పెట్టి ఖమ్మం బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాళ్లం. ఎస్టీడీ బూత్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేసి ఫలానా బస్సులో కవర్ వస్తోందని చెప్పేవాళ్లం. మాట ఫోన్లో, సరుకు బస్సులో. ఎఫ్‌టీపీ కూడా సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. దానికి రెండు కనెక్షన్లు ఉంటాయి. పేరు, పాస్‌వర్డ్, 'ఈ ఫైలు పంపుతున్నా' అనే ఆదేశాలు ఒక దాంట్లో నడుస్తాయి. దాని సర్వర్ ద్వారం 21వ నంబరు పోర్టు. అసలు ఫైలు వేరే కనెక్షన్లో వెళుతుంది. అయితే ఇక్కడ బస్సు బయల్దేరినప్పటి నుంచి చేరేదాకా ఫోన్ పెట్టేయకుండా, మాట్లాడకుండా చెవి దగ్గరే పట్టుకుని ఉండాలి. చేరాక అవతలివాళ్లు '226' అనే నంబరుతో 'ముట్టింది' అంటారు. ఆ రాత్రి నా బస్సు చేరింది. 'ముట్టింది' అనే మాటే రాలేదు, ఎందుకంటే గంటసేపు మౌనంగా ఉన్న ఫోన్‌ను మధ్యలో ఎవరో కట్ చేశారు.

ఎవరా ఎవరో? ఒకే బయటి చిరునామాను వందల ఫోన్లకు పంచిపెట్టే యంత్రం. మొబైల్ నెట్‌లో అది ఆపరేటర్ దగ్గర, ఇంటి నెట్‌లో రౌటర్లోనే ఉంటుంది. ఏ కనెక్షన్ ఎవరిదో అది పద్దు రాసుకుంటుంది. కాసేపు అలికిడి లేని కనెక్షన్‌ను పద్దులోంచి కొట్టేస్తుంది. కుదిరిన కనెక్షన్‌ను 2 గంటల 4 నిమిషాలు కాకముందే తీసేయకూడదని ఇంటర్నెట్ ప్రమాణం చెబుతోంది. ఆచరణలో చాలా పరికరాలు నిమిషాల్లోనే తీసేస్తాయి. ఎఫ్‌టీపీ మొదటి రూపం రాసింది మన దేశంవారే, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్. 1971 ఏప్రిల్‌లో అమెరికాలోని ఎంఐటీలో ఉండి రాశారు. అప్పుడు ఈ పద్దుల యంత్రమే లేదు. ఒక కంప్యూటర్, మరో కంప్యూటర్, మధ్యలో తీగ. ఆయన రాతలో దోషం వెతకడం అన్యాయం.

ఆ వరద తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. పెద్ద ఫైలు నూరు శాతం దగ్గర ఆగితే మళ్లీ పంపను. కొత్తగా లాగిన్ అయి, సర్వర్‌లో ఆ ఫైలు ఎన్ని బైట్లుందో చూస్తాను. నా దగ్గరున్నంతే ఉంటే చేరినట్టే. తక్కువుంటే 'రెజ్యూమ్' కొట్టి ఆగిన చోటు నుంచి కొనసాగిస్తాను, అదీ బైనరీ మోడ్‌లోనే. ఆస్కీ మోడ్‌లో ఫొటో పంపితే వరుస చివరి గుర్తులు మారిపోయి చేరిన ఫొటో తెరుచుకోదు. వీడియోను 20 ఎంబీల ముక్కలుగా జిప్ చేసి పంపితే ఏ ఫోనూ గంటసేపు మౌనంగా ఉండాల్సిన పనిలేదు. ఫైళ్లు పంపే ప్రోగ్రాంలో, అంటే క్లయింట్‌లో, 'కీప్‌అలైవ్' అనే మాట రెండు చోట్ల కనిపిస్తుంది, అవి రెండూ ఒకటే అనుకోవద్దు. ఖాళీగా ఉన్నప్పుడు పలకరించే ఎఫ్‌టీపీ ఆదేశం ఫైలు నడుస్తుండగా అక్కరకు రాదు. ఆ కనెక్షన్లను నడిపే టీసీపీ తాలూకు కీప్‌అలైవ్ అనేదే అప్పుడు పనిచేస్తుంది. లైనక్స్‌లో అది మొదలయ్యేది 2 గంటల మౌనం తర్వాతే, కాబట్టి వీలున్నచోట నిమిషాల్లోకి తగ్గించుకోవాలి.

లాగిన్ అయినా ఫైళ్ల జాబితా రాకపోవడం ఇంకో జబ్బు. మాట నడుస్తోంది, బస్సే బయల్దేరలేదు. పాత పద్ధతిలో సర్వరే మన వైపు బస్సు పంపుతుంది, మధ్యలోని పద్దుల యంత్రం దాన్ని లోపలికి రానివ్వదు. 'పాసివ్ మోడ్' పెడితే ఆ రెండో కనెక్షన్ కూడా మన వైపు నుంచే మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే లోపం సర్వర్ దగ్గరి ఫైర్‌వాల్‌లో ఉండొచ్చు. అది చెప్పాల్సింది డెస్క్‌కే, టవర్ చుట్టూ తిరిగితే లాభం లేదు.

నెమ్మదితనం వేరే కథ. చర్ల, దుమ్ముగూడెం వైపు వెళ్లినప్పుడు ఫోన్లో నాలుగు గీతలు కనిపిస్తాయి, ఫైలు మాత్రం కదలదు. ఆ గీతలు చెప్పేది ఫోన్‌కూ టవర్‌కూ మధ్య సంగతి. టవర్ వెనక దారి ఎంత వెడల్పో వాటికి తెలియదు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో అనుమతించింది. మంచి నిర్ణయమే, అయితే వెనక దారి కూడా అదే లెక్కన వెడల్పు కావాలి. దారిలో ప్యాకెట్లు పోతుంటే టీసీపీ దాన్ని రద్దీ అనుకుని వేగం తగ్గించేస్తుంది. అందుకే ముందు రౌటర్‌కు, తర్వాత బయటి చిరునామాకు పింగ్ కొట్టి చూస్తాను. రౌటర్ దగ్గరే పోతుంటే తప్పు వైఫైది, గది మారితే చాలు. 300 చిన్న ఫొటోలు పంపేటప్పుడు ఒక్కో ఫొటోకు ఒక్కో కొత్త కనెక్షన్ తెరవాలి. వెళ్లే డేటా కన్నా ఎదురుచూపే ఎక్కువ. వాటిని పది మూటలు కట్టి పంపితే తేడా కళ్లకు కనిపిస్తుంది.

సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కుంది. 2014లో ఇక్కడి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినా ఫోన్లకు ఆ గీత తెలియదు, రెండు తెలుగు రాష్ట్రాలూ ఒకే టెలికాం సర్కిల్. చింతూరు దాటి కొంటా వైపు వెళ్తే ఛత్తీస్‌గఢ్, శబరి నది అవతల ఒడిశా. అక్కడ ఫోన్ ఒక నిమిషం ఈ సర్కిల్ టవర్‌ను, మరో నిమిషం పక్క సర్కిల్ టవర్‌ను పట్టుకుంటుంది. నెట్‌వర్క్ మారితే చిరునామా మారుతుంది, చిరునామా మారితే నడుస్తున్న కనెక్షన్ అక్కడికక్కడే చస్తుంది. సెట్టింగుల్లో నెట్‌వర్క్‌ను మన చేత్తో ఎంచుకుని, ఫోన్‌ను కిటికీలో కదలకుండా పెట్టి, హాట్‌స్పాట్ మీద పంపడమే మార్గం. జేబులో పెట్టుకుని తిరుగుతూ పంపితే సగంలో తెగుతుంది.

ఇన్ని తిప్పలకు మూలం ఆ రెండు కనెక్షన్లే. ఎస్‌ఎఫ్‌టీపీలో మాట, సరుకు రెండూ 22వ పోర్టు మీద ఒకే కనెక్షన్లో, తాళం వేసుకుని వెళతాయి. మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా దారంతా బాహాటంగా నడుస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 2021లోనే ఎఫ్‌టీపీని వదిలేశాయి. అడవి అంచున పనిచేసేవాళ్ల చేతిలో ఇంకా దాన్నే ఉంచడం సరికాదు. ఆఫీసుల్లో ఈ నిర్ణయం తీసుకునే స్థానంలో ఉన్నవారికి నా విన్నపం ఇదే: సర్వర్ మార్చండి, ఆగిన చోటు నుంచి కొనసాగే ఏర్పాటు ఉంచండి.

కొత్తగా చేరిన కంట్రిబ్యూటర్లకూ ఒక మాట. ఈసారి ఫైలు ఆగిపోతే డెస్క్‌కు ఫోన్ చేసేముందు లాగ్‌లో చివరి 5 వరుసలు చదవండి. ఫోన్లో 'నెట్ లేదు' అనకుండా ఆ 5 వరుసలూ చదివి వినిపించండి.