ఏలుటయా, కాచుటయా?

మతసంస్కారము రెండు విధముల జరుగును. వెలుపలివారు తప్పు చూపగా సిగ్గుపడి దిద్దుకొనుట యొకటి. తన గ్రంథమును తానే మరల చదువుకొని, పూర్వులు తప్పుగా గ్రహించిన మాటకు సరియైన యర్థమును కనుగొనుట రెండవది. ఈ రెండవ మార్గము మనకు క్రొత్తది కాదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో వితంతు వివాహమును సమర్థించుచు పరాశరస్మృతినే యాధారముగ చూపెను. మఱుసటి యేడు శాసనము వచ్చెను. అయినను స్మృతివాక్యమును, శాసనమును పుస్తకములలోనే యుండగా, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిననాడు గదా తెలుగువారి యిండ్లలో ఆ మాటకు ప్రాణము వచ్చినది! అర్థమును సరిచేయుట మొదటి మెట్టు. ఆ యర్థమును తన యింట నాచరించుట రెండవ మెట్టు. మొదటి మెట్టుపై నిలిచిపోయిన సంస్కారములను మన మెన్నింటినో చూచితిమి.

ఈ కొలతతోనే నేడు ఒక క్రైస్తవ గ్రంథమును పరిశీలింపదలచితిని. రోమను కథోలిక సంఘమునకు పెద్దయై యుండి 2025 ఏప్రిలులో మరణించిన పోపు ఫ్రాన్సిసుగారు 2015 జూన్ 18వ తేదీన ప్రకటించిన "లౌదాతో సీ" అను బహిరంగలేఖయే యా గ్రంథము. తన మతస్థులకే గాక భూమిపై నివసించు ప్రతి మనుష్యునికిని వ్రాయుచున్నానని యాయనయే చెప్పుకొనెను గావున, దానిని చదువుటకును విమర్శించుటకును మనకును అధికారము కలదు.

ఈ గ్రంథమున కొక పూర్వకథ యున్నది. 1967 మార్చిలో లిన్ వైట్ అను అమెరికా చరిత్రకారుడు "సైన్స్" పత్రికలో ఒక చిన్న వ్యాసమును ప్రకటించెను. అడవులు తఱుగుటకును, గాలియు నీరును చెడుటకును యంత్రములు మాత్రమే కారణము కావనియు, యంత్రముల వెనుక నొక మనోభావము కలదనియు, ప్రకృతి యంతయు మనుష్యుని యుపయోగము కొఱకే పుట్టినదన్న పాశ్చాత్య క్రైస్తవ భావమే దానికి మూలమనియు అతని వాదము. చెట్టునకును వాగునకును కొండకును దేవతలను నిలిపిన పాత నమ్మకములను క్రైస్తవము తొలగించుటతో, వానిని పాడుచేయుటకు జనులకుండిన సంకోచమును తొలగిపోయెనని యతడు చెప్పెను. అయినను రోగము మతమునుండి పుట్టినది గావున మందును మతమునుండియే రావలెనని తలచి, అస్సీసీ పట్టణమునకు చెందిన ఫ్రాన్సిసు మునిని ప్రకృతిరక్షకులకు పాలకపునీతునిగ గ్రహింపవలసినదని సూచించి వ్యాసమును ముగించెను. పండ్రెండేండ్లకు, 1979లో, పోపు రెండవ జాన్ పాల్ ఆ మునినే యట్లు ప్రకటించెను. నేరము మోపినవాడు చూపిన మందునే నేరము మోపబడినవారు చేతికి తీసికొనిరి. ఇది చిన్న సంగతి కాదు.

ఈ వివాదమంతయు బైబిలులోని ఆదికాండమున నున్న కొన్ని క్రియాపదములపై నిలిచియున్నది. మొదటి యధ్యాయమున మనుష్యుడు భూమిని లోపఱచుకొని జీవరాశిని ఏలవలెనన్న యాజ్ఞ కనబడుచున్నది. రెండవ యధ్యాయమున అతనిని ఏదెను తోటలో నుంచినది దానిని సేద్యము చేయుటకును, కాచుటకును. హెబ్రీ మూలమున సేద్యమునకు వాడిన ధాతువునకు సేవించుట యను అర్థమును కలదు. రెండవ ధాతువునకు కావలియుండుట యర్థము. తెలుగు బైబిలు భాషాంతరకర్తలు ఇచ్చట "కాచుట" యను మాటనే వాడుట మన భాషకు కలిగిన మేలు. ఏలుట యనగానే మనకు సింహాసనము తోచును. కాచుట యనగానే మంచెపై కూర్చుండి వడిసెలతో పిట్టలను తోలు మనుష్యుడును, మందవెంట తిరుగు కాపరియు, వానరాత్రి చెఱువుకట్టపై తిరుగు కావలివాడును తోచుదురు. ఏలువాడు పన్ను తీసికొనును. కాచువాడు నిద్ర మానుకొనును. ఒకే గ్రంథమున రెండు మాటలును ఉండగా, ఐరోపా వ్యాపారమును యంత్రపరిశ్రమయు మొదటి మాటను బిగ్గరగ చదివి రెండవదానిని మఱచినవి.

ఇక గ్రంథమును చూతము. "లౌదాతో సీ" యనగా నీకు స్తోత్రమని యర్థము. ఫ్రాన్సిసు ముని తన యంత్యకాలమున, ఇంచుమించు 1225లో, పాత ఇటాలియను మాండలికమున రచించిన కీర్తననుండి ఈ పేరు తీసికొనబడినది. ఆ కీర్తనలో సూర్యుడు సోదరుడు, నీరు సోదరి, భూమి తోబుట్టువును తల్లియును. గ్రంథము ఆఱు ప్రకరణములు, 246 పేరాలు గలది. మొదట గాలి, నీరు, జీవజాతులు ఎట్లు చెడుచున్నవో శాస్త్రజ్ఞుల మాట ననుసరించి చెప్పబడినది. తరువాత సృష్టిని గూర్చిన క్రైస్తవ బోధ. పిమ్మట ఈ కీడునకు మనుష్యునియందు గల మూలకారణములు. ఆపై ప్రకృతియు సంఘమును వేఱుచేయరానివను సిద్ధాంతము. చివరి రెండు ప్రకరణములలో చేయవలసిన పనులును, నేర్పవలసిన విద్యయు. ముందు లోకమును చూచి, ఆ తరువాతనే శాస్త్రవచనమునకు వచ్చుట ఈ రచనయందలి మొదటి గుణము.

రెండవ గుణము తప్పొప్పుకోలు. 67వ పేరాలో పోపుగారు పైని చెప్పిన రెండు మాటలను ఎదురెదురుగ నుంచి, క్రైస్తవులు కొన్నికాలములందు తమ గ్రంథమును తప్పుగ వ్యాఖ్యానించిన మాట నిజమని యొప్పుకొని, ఏలుబడి యనగా నిరంకుశాధికారమను అర్థమును త్రోసివేసిరి. ఒక ప్రాచీన పీఠముపై కూర్చున్నవారు తమ వారి చదువులో తప్పున్నదని యచ్చువేయించుట ఎంత యరుదో, మన పీఠముల చరిత్ర నెఱిగిన చదువరులకు నేను చెప్పనక్కఱలేదు.

మూడవ గుణము దరిద్రుని మఱవకుండుట. భూమి మొఱయు పేదవాని మొఱయు ఒక్కటే యనునది గ్రంథమున కంతకును పల్లవి. చెడిన నీటిని త్రాగి ముందు రోగపడువాడు పేదవాడు. ఆ నీటిని చెఱచి లాభము పొందినవాడు దూరముననుండును. జనులు పెరుగుటయే కీడునకు మూలమని నిందించి, కొందఱి మితిమీఱిన భోగమును దాచుట న్యాయము కాదని యాయన యనెను. ధనికదేశములు తాము వదలు పొగకు వెలకట్టి ఆ హక్కులను కొనుచు అమ్ముచుండు పద్ధతి, భోగమును తగ్గింపక మఱొక వ్యాపారమునకే దారితీయునేమో యని శంకించెను. పెద్దమాటలతో సరిపుచ్చక, అవసరము లేని దీపములార్పుట, తినగలిగినంతయే వండుట, నీటిని మితముగ వాడుట, చెట్లు నాటుట మున్నగు నింటిపనులను 211వ పేరాలో చెప్పెను. ఇట్టి పనులను చూచి పండితులు నవ్వవచ్చును. ఇల్లు నడపు వారు నవ్వరు.

ఈ బోధయందు రోమా సంఘము మొదటిది కాదని గూడ చెప్పవలెను. తూర్పు ఆర్థొడాక్సు సంఘపు పాట్రియార్కు దిమిత్రియోసు 1989లోనే సెప్టెంబరు 1వ తేదీని సృష్టికొఱకు ప్రార్థించు దినముగ నేర్పఱచెను. ఆయన తరువాతివాడగు బర్తలొమయి 1997లో ప్రకృతికి చేయు ద్రోహము పాపమేయని స్పష్టముగ ప్రకటించెను. పోపుగారు ఈ ఋణమును దాచలేదు. గ్రంథారంభముననే బర్తలొమయి పేరు చెప్పిరి. వేయేండ్లుగ విడిపోయిన సంఘముల పెద్దలలో నొకరు మఱొకరిని గురువువలె పేర్కొనుట ఔదార్యము.

గుణములు చెప్పితిని గావున దోషములును చెప్పవలెను. నీటిని గూర్చియు పేదయింటిని గూర్చియు ఇంత విస్తరించి వ్రాసిన గ్రంథము, ఆ నీటిని మోయు స్త్రీకొఱకు ఒక్క ప్రకరణమైనను కేటాయింపలేదు. బావి యెండినపుడు దూరము నడచునది ఎవరు? కట్టెలు దొరకనపుడు పొగలో కన్నులు పోగొట్టుకొనునది ఎవరు? జనసంఖ్యపై నింద మోపరాదన్న మాట సరియే. కాని ఎందఱు బిడ్డలను కనవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యమును, అందుకు కావలసిన చదువును స్త్రీకి కలవా యను ప్రశ్నను తప్పించుకొని పోవుట న్యాయము కాదు. భూమిని తల్లియని పిలిచి యింటిలోని తల్లిని మఱచుట మన కవులకును అలవాటే. అందుచేతనే ఈ దోషము మనకు త్వరగ కనబడుచున్నది.

అంతకంటె పెద్దలోపము మఱొకటి. గ్రంథము రాజ్యములను హెచ్చరించినది, వర్తకులను మందలించినది, గృహస్థులకు ఉపాయములు చెప్పినది. క్రైస్తవ సమాజములు ఈ విషయమున విద్య గఱపవలెననియు చెప్పినది. కాని సంఘముయొక్క సొంత భూములు, భవనములు, నిధులు ఏ నియమమున నడువవలెనో, ఏ గడువులోపల మాఱవలెనో చెప్పలేదు. వాటికను నగరమున 2008లోనే సభామందిరపు కప్పుపై సూర్యకాంతితో విద్యుత్తు పుట్టించు ఫలకములను పెట్టిరి. 2024లో పోపుగారు నగరమున కంతకును కావలసిన విద్యుత్తును అట్లే పుట్టించుటకు ఆజ్ఞ యిచ్చిరి. ఇవి మెచ్చదగినవే, అయినను పీఠస్థానమున కేర్పడినవి, లోకమంతట నున్న మండలములకు విధింపబడినవి కావు. ఇంగ్లండు సంఘపు మహాసభ 2020 ఫిబ్రవరిలో తమ సంఘము వదలు పొగను 2030 నాటికి నికరముగ సున్న చేయవలెనని తీర్మానించినది. 2023లో ఆ సంఘపు నిధుల పాలకులు పెద్ద చమురు సంస్థలనుండి తమ ధనమును తీసివేయుటకు నిశ్చయించిరి. గడువు పెట్టుకొన్నవాడు తప్పిపోవచ్చును. కాని తప్పెనని చెప్పుటకు లోకమునకు వీలైనను ఉండును. గడువు లేని బోధకు ఆ భయము లేదు. 2023 అక్టోబరులో వ్రాసిన రెండవ లేఖలో పోపుగారే, ఎనిమిదేండ్లలో తగినంత పని జరుగలేదని విచారించిరి. ఆ విచారమునకు కారణము వినువారి యలసత్వమేనా? కొంత మొదటి గ్రంథపు రచనయందును లేదా?

ఈ ప్రశ్నకు జవాబు మఱొక పుస్తకమున దొరకదు. ఇథియోపియాలో దొరకును. ఆ దేశపు ఉత్తరభాగమున, తానా సరస్సునకు చేరువనున్న దక్షిణ గొందరు మండలమున, కొండలపైనుండి చూచిన వారికి బూడిదవన్నె పొలముల నడుమ అక్కడక్కడ గుండ్రని పచ్చని తోపులు కనబడును. ప్రతి తోపు నడుమను ఒక దేవాలయముండును. అది తెవహెదో ఆర్థొడాక్సు సంఘమువారిది. నాలుగవ శతాబ్దమునుండి ఆ దేశమున వ్యాపించిన ప్రాచీన క్రైస్తవము. చుట్టునున్న అడవులు చాలవఱకు నఱకబడి పొలములును మేతభూములును అయిపోయినవి. దేవాలయములచుట్టు నున్నవి మాత్రము నిలిచినవి. దేవాలయమునకు చెట్లు వస్త్రమువంటివనియు, ఆ నీడ ఏదెను తోటకు ఛాయ యనియు అచ్చటివారి నమ్మకము. ఆ నమ్మకము చేతనే అడవి జునిపెరు, అడవి ఆలివు మున్నగు దేశీయ వృక్షములును, తేనెటీగలును, పక్షులును, ఊటలును అందు బ్రదికియున్నవి. ఆ యర్చకులు లిన్ వైట్‌ను చదివి జవాబు వ్రాసినవారు కారు. కావలి కాచినారు, అంతే.

ఆ తోపులకును ఆపద వచ్చినది. పశువులు లోపలికి వచ్చి మొలకలను తినివేయుటచేత ముసలిచెట్లు కూలినచోట క్రొత్తవి లేవలేదు. కొన్నిచోట్ల త్వరగ డబ్బు వచ్చునని జామాయిలు చెట్లను నాటిరి. అలెమయెహు వాసీ అను ఇథియోపియా వృక్షశాస్త్రజ్ఞుడును, మార్గరెట్ లోమన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలును అర్చకులతో కూర్చుండి మాటలాడగా, గోడ కట్టుట యను నుపాయము తోచినది. చుట్టుపట్ల రైతులు తమ పొలములలోని ఱాళ్లనే యేఱి తెచ్చి తోపు అంచున ప్రాకారము కట్టిరి. పొలము బాగుపడెను, పశువు వెలుపల నిలిచెను, లోపల మొలకలు లేచెను. శాస్త్రము, భక్తి, సేద్యము మూడును ఒక్క ఱాతిగోడలో కలిసినవి.

అయినను ఇథియోపియాను కేవలము పొగడి ముగించుట సత్యము కాదు. ప్రాకారము లోపలి చెట్టు పవిత్రమైనప్పుడు వెలుపలి చెట్టు ఏమైనది? తోపు అంత స్పష్టముగ కనబడుటకు చుట్టునున్న భూమి బోడియగుటయే గదా కారణము! అచ్చటి సంఘము తన యావరణమును కాచుకొన్నది. ఆవరణము దాటిన యడవి మాత్రము దానికి కాపలా లేక పోయినది. రోమునుండి వచ్చిన గ్రంథము భూమి యంతయు మన యిల్లేయన్నది, కాని గోడ కట్టలేదు. ఇథియోపియా సంఘము గోడ కట్టినది, కాని గోడ వెలుపలిదియు తన యిల్లేయని తలచలేదు. ఒకదానికి చూపు విశాలము, చేయి పొట్టి. మఱొకదానికి చేయి గట్టిది, చూపు పొట్టి. ఈ రెండును కలిసిననాడే ఆదికాండములోని "కాచుట" యను మాటకు పూర్ణమైన యర్థము కలుగును.

కావున "లౌదాతో సీ" చదువదగిన గ్రంథమా యని యడిగినచో, తప్పక చదువదగినదే యందును. అది మతమున కొక మఱచిన మాటను జ్ఞాపకము చేసినది. పేదవానిని ప్రకృతినుండి వేఱుచేయరాదని నేర్పినది. కాని దానిని చదివిన క్రైస్తవ సోదరులు తమ ఆలయపు బావి, ఆలయపు భూమి, ఆలయపు ధనపు పెట్టె ఈ మూడింటిని చూచుకొని, ఏ సంవత్సరమునకు ఏమి చేయుదుమో వ్రాసికొననిచో, అది మొదటి మెట్టుగానే నిలిచిపోవును. ఇది వారికి మాత్రమే చెప్పిన మాట కాదు. భూదేవికి మ్రొక్కుచు కోనేటిని పూడ్చుకొనువారికిని ఈ పరీక్ష తప్పదు. ఏ మతమైనను ప్రకృతిని గూర్చి ఎంత మంచిమాట చెప్పినదో ముందుగ నడుగవద్దు. దాని గుడి ప్రాంగణమున నున్న చెట్టు బ్రదికియున్నదా యని చూడుడు. పిమ్మట ప్రాకారము దాటి నాలుగడుగులు నడచి, వెలుపలి చెట్టును గూడ చూడుడు.